మబ్బుల్నే బయల్దేరి చీకటి పడేలోపు అడవి దాటేలా: హైదరాబాద్ నుంచి నల్లమలకు ఒక్కరోజు ప్రయాణం

వారాంతం దగ్గర పడితే మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "రెయిన్ ఫారెస్ట్‌కు పోదాం పా" అంటారు. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరే దూరంలో హైదరాబాద్‌కు అసలైన వర్షారణ్యం లేదు. అది కావాలంటే పడమటి కనుమల దాకా పోవాలి. ఏటా 7,000 మిల్లీమీటర్ల చుట్టూ వాన కురిసే ఆగుంబెకు చేరడానికే ఒక రాత్రి పడుతుంది. మనకు ఒక్కరోజులో అందేది నల్లమల. ఎండాకాలంలో ఆకు రాల్చి బోసిగా నిలబడి, రెండు వానలు పడగానే పది అడుగుల అవతల ఏముందో కనబడనంత చిక్కగా మారే అడవి ఇది. పులి, చిరుత, గుడ్డెలుగు, రేసుకుక్కలు, అడవిపంది, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అన్నీ ఇక్కడ ఉన్నాయి. "డేంజర్" కోసమే పోయేవాళ్లకు ఆ లోటేమీ ఉండదు.

నేను మొదటిసారి పోయినప్పుడు భయమంతా పులి మీదే. మా వెంట వచ్చిన చెంచు గైడు అరగంటలోనే ఆ భయాన్ని వేరే వైపు తిప్పాడు. మేం మాటామంతీ లేకుండా పిల్లుల్లా నడుస్తుంటే ఆగి, "అన్నా, మాట్లాడుకుంట నడువుండ్రి. మనం దానికి కనబడేలోపే ఇనబడాలె" అన్నాడు. దానికి అంటే దేనికి అని అడిగితే, దారి పక్కన ఎలుగు తవ్వేసిన చెదపుట్టను చూపించాడు. జంతువును ఉలిక్కిపడేలా చేయకపోవడం అనే ఆ ఒక్క సూత్రం చుట్టూనే కింద రాసినదంతా తిరుగుతుంది.

ఎప్పుడు పోవాలి

అక్టోబరు నుంచి జనవరి దాకా. జులై నుంచి సెప్టెంబరు చివరిదాకా వానల వల్ల, జంతువులు జతకట్టే కాలం కావడం వల్ల సఫారీ మూసేస్తారు. అక్టోబరులో తెరిచేసరికి వాగుల్లో నీళ్లుంటాయి, జలపాతం దూకుతుంటుంది, ఎండ భరించగలిగేలా ఉంటుంది. ఆకు రాలాక, అంటే ఫిబ్రవరి తర్వాత, జంతువులు ఎక్కువ కనబడతాయి. నీటి గుంటల దగ్గరికి అవే వస్తాయి. కానీ మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూలు రాలుతాయి, వాటి కోసం ఎలుగులు తెల్లవారుజామునే చెట్ల కింద తిరుగుతాయి. పైగా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఎండుటాకులకు నిప్పు అంటుకునే కాలం కూడా అదే. నడవాలనుకునేవాళ్లు ఆ రెండు నెలలు మానుకోవడమే మేలు. బండిలో కూర్చుని చూసేవాళ్లు పోవచ్చు.

చైత్ర పౌర్ణమి సమయంలో సలేశ్వరం జాతరకు వేలమంది లింగమయ్య దర్శనానికి లోయలోకి దిగుతారు. అది వేరే అనుభవం. అడవి నిశ్శబ్దం వినాలని పోయేవాళ్లకు ఆ రోజులు పనికిరావు.

అనుమతి: దీని దగ్గరే సగం మంది తప్పు చేస్తారు

మీరు పోతున్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. విస్తీర్ణం సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు, దేశంలోని పెద్ద టైగర్ రిజర్వుల్లో ఒకటి. ఒకప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలం రిజర్వులో భాగం. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపున్న అడవికి ఈ పేరు వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇక్కడ అనుమతి లేకుండా లోపలికి నడిచి పోవడం నేరం. "రోడ్డు పక్కన బైకు ఆపి కొంచెం లోపలికి వెళ్లాం, అంతే" అనేది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. డ్రోను ఇంట్లోనే పెట్టి రండి.

చట్టబద్ధంగా మీకున్న దారులు మూడు. అటవీ శాఖ ఫరహాబాద్ వైపు నడిపే జీపు సఫారీ మొదటిది. వాళ్ల గైడుతో, వాళ్లు చెప్పిన బాటలో నడక రెండోది. ఉమామహేశ్వరం గుడి, మల్లెలతీర్థం జలపాతం లాంటి అందరికీ తెరిచిన చోట్లు మూడోది. మొదటి రెండింటికి ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. ఆదివారం పొద్దున మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర నిలబడి అడిగితే ఖాళీ లేదంటారు, అప్పుడు గొడవ పడి లాభం లేదు. గైడుగా చెంచు యువకులు దొరికితే వదులుకోకండి. వాళ్ల పూర్వీకులు ఈ అడవిలోని పెంటల్లోనే, అంటే చెంచుల చిన్న ఊళ్లలోనే బతికారు, ఏ చెట్టు కింద ఏం తిరిగిందో అడుగుజాడ చూసి చెబుతారు. అలాగని వాళ్ల పెంటల్లోకి కెమెరాలతో దూరడం మర్యాద కాదు. ఎవరైనా మీ ఇంటి గేటు తెరుచుకుని వచ్చి, వంటింట్లో మీ అమ్మను ఫొటో తీస్తే ఎలా ఉంటుందో అంతే.

సంచి

ఒక్కరోజుకు 25 లీటర్ల సంచి చాలు. బరువు మోస్తే సరదా పోతుంది.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు, స్టీలు సీసాలో లేదా గట్టి ఫ్లాస్కులో. వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ పాకెట్లు అడవిలోకి తీసుకుపోవద్దు. తిండికి పులిహోర, జొన్నరొట్టె, పల్లీపట్టి మేలు. పెరుగన్నం కట్టుకుని పోయి మధ్యాహ్నానికి పుల్లగా తిన్న రోజు నాకు గుర్తుంది. ఓఆర్ఎస్ పాకెట్లు నాలుగు. కాళ్లకు మడమ కప్పే బూట్లు. బట్టలు మాసిన ఆకుపచ్చ, ఖాకీ, మట్టి రంగుల్లో, పొడుగు చేతులు, పొడుగు ప్యాంటు. ప్యాంటు అంచు మేజోడులోకి దోపండి. చూసినవాళ్లు నవ్వినా పిడుజులు, నల్లులంత చిన్న పురుగులు లోపలికి పాకకుండా ఆపేది అదే.

దీనికి తోడు ఒక టార్చి, ఒక విజిల్, ఒక చేతి కర్ర, దోమల మందు, రెండు అంగుళాల వెడల్పున్న క్రేపు బ్యాండేజీ, ఒక రోల్ మెడికల్ టేపు. ఈ టేపుకు ఒక విచిత్రమైన ఉపయోగం ఉంది. చలికాలం చివర్లో దురదగొండి కాయల నూగు గాలికి రాలి ఒంటికి తగిలితే రుద్దకూడదు, రుద్దితే వ్యాపిస్తుంది. టేపు అంటించి లాగితే నూగు దానికి అతుక్కుని వస్తుంది. తర్వాత నీళ్లతో కడగండి.

సెంటు, అత్తరు, వాసన వచ్చే హెయిర్ ఆయిల్ ఆ రోజుకు మానండి. చార్మినార్ దగ్గర కొన్న అత్తరు పూసుకుని వచ్చిన మా దోస్తు వల్ల మేం నేర్చుకున్న పాఠం ఇది. దాని సంగతి తర్వాత చెబుతాను.

కాలికి అలవాటు

కంప్యూటరు ముందు కూర్చునే కాళ్లతో నేరుగా పోయి మల్లెలతీర్థంలో మూడు వందలకు పైనే ఉన్న మెట్లు దిగి ఎక్కితే మరుసటి రోజు ఆఫీసుకు సెలవు పెట్టాలి. రెండు వారాల ముందు నుంచి, నీళ్లు నింపిన సంచి భుజాన వేసుకుని కేబీఆర్ పార్కు చుట్టూ నడవండి. ఒక శనివారం వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టలెక్కి రండి. మూసీ పుట్టేది అక్కడే, కాబట్టి నగరంలోని నది మొదటి నీళ్లు ఎలా ఉంటాయో కూడా చూసినట్టవుతుంది. కొత్త బూట్లు ఈ నడకల్లోనే తొడగండి. అడవిలో బొబ్బ లేస్తే వంగి కట్టు కట్టుకుంటూ కూర్చునే మనిషే అందరికన్నా నెమ్మది.

దారి

తెల్లారి 4.30కు ఇల్లు వదలండి. తుక్కుగూడ దగ్గర ఔటర్ దాటి, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి మీదుగా 765వ జాతీయ రహదారి మన్ననూరుకు పోతుంది. సుమారు 140 కిలోమీటర్లు, మూడు గంటల పైచిలుకు. బస్సు కావాలంటే ఎంజీబీఎస్ నుంచి శ్రీశైలం బస్సులు, అచ్చంపేట బస్సులు దొరుకుతాయి. ఆధార్ చూపిస్తే తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ప్రయాణం ఉచితం. బస్సులో పోయేవాళ్లు సఫారీ, జలపాతం రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు, లోపలి దారికి బండి దొరకక చిక్కుకుపోతారు.

మన్ననూరు చెక్‌పోస్టు నుంచి దోమలపెంట దాకా అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. ఈ రెండు సమయాలూ మీ ప్రణాళికకు గోడలు. మన్ననూరు దాటాక సెల్ సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. అందుకే అక్కడే ఇంట్లో ఒకరికి ఫోన్ చేసి మీరు పోయే చోటు, తిరిగొచ్చే వేళ చెప్పి, మ్యాపును ఆఫ్‌లైన్‌లో దించుకోండి. కడుపు నింపుకోవడం కూడా ఇక్కడే.

చెక్‌పోస్టు దాటాక బండి వేగం తగ్గించండి. ఈ రోడ్డు మీద చచ్చే జంతువులను చంపేది ఎక్కువగా టైర్లే. కోతులకు అరటిపండ్లు విసరకండి. విసిరిన చోటికి అవి మళ్లీ మళ్లీ వస్తాయి, వెనక వచ్చే లారీ కింద పడతాయి.

జీపులో: నోరు మూసుకునే సమయం

ఫరహాబాద్ అంటే పారసీలో సంతోషం నిండిన ఊరు. నిజాం నవాబులు వేటకు వచ్చిన చోటు. ఇప్పుడు తుపాకీ మోత లేదు కానీ, జీపులో మనవాళ్ల ముచ్చట్లు ఆ లోటు తీర్చేస్తుంటాయి. కాలినడకన మాట్లాడాలి, జీపులో మాట్లాడకూడదు. జంతువులు జీపును ఒక పెద్ద, హాని చేయని వస్తువుగా అలవాటు చేసుకుని ఉంటాయి. అందులోంచి మనిషి గొంతు రాగానే ఆ నమ్మకం చెదురుతుంది. కిందికి దిగితే మళ్లీ అదే. మీ ఆకారం ఆ వస్తువు నుంచి విడిపోయి మనిషిగా కనబడుతుంది.

పులి కోసం కళ్లు అరగదీసుకోకండి, చెవులు పెట్టండి. చుక్కల దుప్పి "కూ" అని పదునుగా అరిస్తే, చెట్టు మీది కొండెంగ గొంతులో దగ్గినట్టు పదేపదే అరిస్తే, కణుజు గంట మోగినట్టు ఒక్కసారి "ఢాంక్" అంటే, చుట్టుపక్కల పులో చిరుతో కదులుతోంది. కణుజు ఊరికే అరవదు, దాని మాట నమ్మండి. దుప్పి ఒక్కటే ఒకసారి అరిచి ఊరుకుంటే మీ జీపును చూసి బెదిరి ఉండవచ్చు. నేను పోయిన మూడుసార్లూ పులి కనబడలేదు. రెండోసారి ఈ మూడు అరుపులూ కలిసి వినబడ్డాయి. ఆ ఐదు నిమిషాలు జీపులో ఎవరూ ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

కాలినడకన: గుడ్డెలుగు

తెలంగాణ పల్లెల్లో ఎలుగుబంటిని గుడ్డెలుగు అంటారు. దాని చూపు అంతంత మాత్రం, ముక్కు మాత్రం చాలా చురుకు. చెదపుట్టలో మూతి పెట్టి పీల్చేటప్పుడు ఆ చప్పుడు దూరానికి వినిపిస్తుంది కానీ, చుట్టూ ఏం జరుగుతోందో దానికి పట్టదు. అలాంటప్పుడు మీరు చప్పుడు లేకుండా పది గజాల్లోకి పోతే, తలెత్తి చూసిన ఎలుగు పారిపోవాలా, మీద పడాలా అని ఆలోచించదు. పడుతుంది. పిల్లలను వీపు మీద మోసుకుని తిరిగే తల్లి అయితే ఇంకా తొందరగా.

అందుకే ముగ్గురు నలుగురు కలిసి నడవండి, మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ ఉండండి, మలుపుల దగ్గర కర్రతో నేల మీద తట్టండి. స్పీకరులో పాటలు వద్దు. అది అడవినంతా బెదిరిస్తుంది, పైగా వచ్చే చప్పుడు మీకు వినబడనీయదు. తాజాగా తవ్విన పుట్ట, చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు, గింజలు నిండిన పెద్ద రెట్ట కనబడితే గైడును అడిగి దారి మార్చుకోండి.

దూరంగా కనబడి అది మిమ్మల్ని గమనించకపోతే, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి. గమనించి వెనక కాళ్ల మీద లేచి నిలబడితే చాలామంది దాన్ని దాడి అనుకుంటారు. చాలాసార్లు అది వాసన పట్టే ప్రయత్నమే. మెల్లగా మాట్లాడుతూ వెనక్కి అడుగులు వేయండి. పరుగెత్తితే అది మీకన్నా వేగంగా వస్తుంది, చెట్టెక్కితే అదీ ఎక్కుతుంది. నిజంగానే మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతుల వేళ్లు మెడ వెనక గట్టిగా కలిపి, ముఖం నేలకు ఆనించండి. ఎలుగు ముందు పట్టేది ముఖం, తల. వీపున సంచి ఉంటే అదే డాలు, అందుకే కొండ మీద సంచి తీసి చేత పట్టుకోవద్దంటారు. అది దూరం పోయిందని రూఢి అయ్యేదాకా లేవకండి.

పులి, చిరుత ఎదురైతే పరుగు వద్దు, వంగడం వద్దు, వీపు తిప్పడం వద్దు. నిటారుగా నిలబడి, గుంపుగా దగ్గరికి చేరి, పిల్లలుంటే ఎత్తుకుని, వెనక్కి వెనక్కి జరగండి. వంగిన మనిషి దాని కంటికి నాలుగు కాళ్ల జంతువులా కనబడతాడు. అందుకే ఒంటరిగా పొదచాటుకు పోయి కూర్చోవద్దని గైడు అంటే సిగ్గుపడకుండా వినండి.

ఇక తేనెటీగలు. రాతి గుట్టల అంచులకు, పెద్ద చెట్లకు పెద్ద తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. పొగ, ఘాటైన సువాసన వాటిని రెచ్చగొడతాయి. మా అత్తరు దోస్తు చుట్టూ మొదట ఒకటి, తర్వాత నాలుగు తిరిగాయి. అతను చేయి విసిరాడు, ఒకటి నలిగింది. నలిగిన ఈగ వాసన మిగతావాటికి పిలుపు. మేం ఐదుగురం ఎదురుగాలి, ఏటవాలు చూడకుండా టవళ్లు ముఖం మీద వేసుకుని పావు కిలోమీటరు పరుగెత్తాం. ఎలుగుకు పరుగెత్తొద్దని చెప్పిన నేనే చెబుతున్నాను, తేనెటీగలకు మాత్రం ఆగకుండా పరుగెత్తండి. చేతులు విసరకండి, నీళ్లలో దూకి దాక్కోకండి, అవి పైన కాచుకుని ఉంటాయి. ముళ్లను గోరుతోనో ఏటీఎం కార్డు అంచుతోనో వెంటనే గీకి తీసేయండి. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆసుపత్రికే.

పాము కాటు

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పగటి నడకలో మీకు ఎదురయ్యే అవకాశం ఎక్కువగా పింజరలకే. ఎండుటాకుల్లో రక్తపింజర కనబడదు. దగ్గరికి పోతే కుక్కర్ విజిల్ వేసేముందు వచ్చే బుస లాంటి చప్పుడు చేస్తుంది. వినగానే ఆగండి, ఎటునుంచి వస్తోందో చూసి వెనక్కి జరగండి. చిన్నపింజర రాళ్ల కింద, మట్టి రంగులో కలిసిపోయి ఉంటుంది, పొలుసులు రుద్దుకుంటూ రంపం కోసినట్టు శబ్దం చేస్తుంది. కాబట్టి రాయి మీద కూర్చునే ముందు కర్రతో తట్టండి, దుంగను దాటేటప్పుడు దుంగ మీద కాలు పెట్టి అవతల చూసి దిగండి, కనబడని చోట చేయి పెట్టకండి.

కరిస్తే ఇలా చేయండి. కాటు పడ్డ మనిషిని పాముకు దూరంగా తీసుకుపోయి పడుకోబెట్టండి. ఉంగరాలు, గడియారం, పట్టీలు, గాజులు తీసేయండి, వాపు వస్తే తీయలేరు. కాలైతే ఒక కర్రను ఆనించి క్రేపు బ్యాండేజీతో కదలకుండా కట్టండి, రక్తం ఆగిపోయేంత బిగువుగా కాదు. కాటు వేసిన సమయం రాసుకోండి. 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే ఎదురుచూడకుండా మీ బండిలోనే కదలండి. అచ్చంపేట ప్రభుత్వ ఆసుపత్రి, ఇంకా పెద్దది కావాలంటే నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. విరుగుడు మందు ఇచ్చేది అక్కడే. ఆ మందు నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసేలా తయారవుతుంది. అందుకే పామును పట్టుకుని, చంపి తీసుకుపోవాల్సిన అవసరం లేదు.

కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం, పసరు పూయడం, మంత్రం వేయించడం వద్దు. కట్లపాము కాటు నొప్పి కూడా ఉండదు, గంటల తర్వాత కనురెప్పలు వాలిపోతాయి. "ఏం కాలేదు" అనుకుని ఇంటికి పోవద్దు.

మల్లెలతీర్థం

సఫారీ ముగించి మన్ననూరులో భోజనం చేసి, వటవర్లపల్లి దగ్గర రోడ్డు దిగి లోపలికి పోతే మల్లెలతీర్థం. దిగేటప్పుడు సుఖం, ఎక్కేటప్పుడు మోకాళ్లు మాట్లాడతాయి. నీళ్ల దగ్గర జంతువుల కన్నా నాచు పట్టిన రాళ్లు ప్రమాదం. జలపాతం పడే గుంటలో లోతు తెలియదు, ఈత వచ్చినవాళ్లూ దిగొద్దు. పైన వాన పడితే నీటి రంగు ఒక్కసారిగా మట్టిగా మారుతుంది. అది చూసిన క్షణమే బయటికి రండి. కృష్ణ వెనుకనీళ్ల ఒడ్డున మొసళ్లుంటాయి, అక్కడ పాదాలు కడుక్కోవడం కూడా మానండి.

తిరుగు దారి, ఆ తర్వాత మూడు వారాలు

సాయంత్రం నాలుగుకు కదలండి. చీకటిలో అడవి రోడ్డు మీద బండి నడపడం రోజంతా పడ్డ జాగ్రత్తనంతా నీరుగార్చేది. ఇంటికి రాగానే బట్టలన్నీ వేడినీళ్లలో వేసి, స్నానం చేసేటప్పుడు చంకలు, గజ్జలు, చెవుల వెనక, నడుము చుట్టూ పిడుజుల కోసం వెతకండి. అంటుకుని ఉంటే కాల్చకండి, నూనె పోయకండి. చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నేరుగా పైకి లాగండి.

క్యాలెండర్ మీద ఆ తేదీకి గుర్తు పెట్టండి. మూడు వారాల్లోపు జ్వరం, తలనొప్పి వస్తే, ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్ కాల్చినట్టు నల్లటి చిన్న పొక్కు కనబడితే, డాక్టరు అడగకపోయినా "నల్లమల పోయొచ్చాను" అని చెప్పండి. అది పొదల్లోని సన్నటి పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కావచ్చు. సరైన మందుకు తొందరగా లొంగుతుంది, కానీ మామూలు జ్వరం మాత్రలతో పోదు. మా అత్తరు దోస్తుకు పదో రోజు జ్వరం వచ్చింది. అడవి మాట చెప్పకుండా నాలుగు రోజులు పారాసెటమాల్ వేసుకున్నాడు. ఐదో రోజు వాళ్ల అమ్మ చొక్కా తీయించి చూస్తే, నడుము దగ్గర బెల్టు కింద ఆ పొక్కు ఉంది.